కూర్చునేవాళ్ళని అడిగారా?

మా రోజుల్లో ఊళ్ళో గ్రంథాలయం పెట్టాలంటే ముందు జనం కూర్చునేవాళ్ళు, తరవాత గోడలు లేచేవి. ఇప్పుడు ముందు గోడలు లేస్తున్నాయి, శిలాఫలకం పడుతోంది, రిబ్బను తెగుతోంది. ఇందులోకి ఎవరొస్తారు, వచ్చి ఏం చేస్తారు, ఎంతసేపు కూర్చుంటారు అన్నది ఎవరికీ పట్టలేదు. పట్టని సంగతి కట్టడం చూస్తేనే తెలిసిపోతుంది.

మా మండల కేంద్రంలో కొత్తగా కట్టిన గ్రంథాలయ భవనం సంగతే చెబుతాను. డబ్బుకి లోటు చెయ్యలేదు. నేల నిండా గ్రానైటు పరిచారు, ముందు అద్దాల తలుపు బిగించారు. పేపర్లు చదివే హాలు మాత్రం మేడ మీద పెట్టారు. పొద్దున్నే పేపరు కోసం వచ్చేది ఎవరు? డెబ్భై దాటిన నాలాంటివాళ్ళం. మోకాళ్ళు పట్టేసిన మనిషి రెయిలింగు పట్టుకుని రెండు వరసల మెట్లెక్కితేగాని పేపరు మొహం చూడలేడు. కింద విశాలమైన గది ఉంది, దానికి సమావేశ మందిరమని పేరు పెట్టి తాళం వేశారు. పడమటి గోడకి వరసగా పెద్ద పెద్ద కిటికీలు. సాయంత్రం నాలుగింటికి తలుపులు తీసే వేళకి ఎండ సరిగ్గా బల్లల మీద పడుతుంది. పరీక్షలకి చదువుకునే పిల్లలు ఫోను, ల్యాప్‌టాప్ ఛార్జింగు పెట్టుకుందామంటే హాలు మొత్తానికి రెండే ప్లగ్గులు, అవీ ఫ్యాను స్విచ్చిబోర్డు పక్కన మనిషి ఎత్తులో ఉన్నాయి. ఆడవాళ్ళకి మరుగుదొడ్డి కట్టారు, కాదనను. దానికి దారి మాత్రం మగవాళ్ళు బెంచీలేసుకుని కూర్చునే వరండా మధ్యనుంచి పెట్టారు. అందుకే ఆడపిల్లలు వచ్చిన గంటకో గంటన్నరకో పుస్తకాలు సర్దుకుని వెళ్ళిపోతున్నారు. చదువు మీద ఆసక్తి లేదని వాళ్ళనే అంటున్నారు.

కట్టించిన ఇంజనీరు చెడ్డవాడు కాదు. తన చేతికొచ్చిన నమూనా ప్రకారం గడువులోగా కట్టి అప్పగించాడు. ఆయనకి ఎవరూ చెప్పలేదు, ఆయన ఎవర్నీ అడగలేదు. అడిగి తీరాలన్న నిబంధన కూడా ఎక్కడా లేదు. నా బాధంతా ఆ ఒక్క మాట దగ్గరే.

తెలుగు దేశంలో గ్రంథాలయాలు ఇలా పుట్టలేదు. అయ్యంకి వెంకటరమణయ్యగారు 1914 ఏప్రిల్ 10న బెజవాడలో గ్రంథాలయాల వాళ్ళందర్నీ ఒకచోట చేర్చారు. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు ఆ సభకి అధ్యక్షులు. అప్పటికి అయ్యంకివారికి పట్టుమని పాతికేళ్ళు కూడా లేవు. ఆ సభకి వచ్చింది సర్కారు అధికారులు కాదు. తమ ఊళ్ళో అద్దె గదిలోనో, ఎవరి అరుగు మీదనో, సత్రం మూలనో పదో పరకో పుస్తకాలు పోగేసుకుని నడుపుతున్నవాళ్ళు. చదివేవాళ్ళు, నడిపేవాళ్ళు, చందా వేసేవాళ్ళు అందరూ ఒకళ్ళే. కిటికీ ఎటు పెట్టాలో వాళ్ళకి ఒకరు చెప్పనక్కర్లేదు, ఆ కిటికీ పక్కన కూర్చునేది వాళ్ళే కాబట్టి.

వేటపాలెం సారస్వత నికేతనం చూడండి. 1918లో ఊరి యువకుల సంఘం పెట్టుకున్న గ్రంథాలయమది. 1929లో గాంధీగారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. దినపత్రికలు చదివి పడెయ్యకుండా ఏళ్ళ తరబడి బైండు చేయించి దాచుకున్నారు. ఎక్కడెక్కడి పరిశోధకులో ఈనాటికీ ఆ ఊరు వెతుక్కుంటూ వెళ్ళేది ఆ పాత సంచికల కోసమే. పాత పేపరు రేపు పనికొస్తుందని పై ఆఫీసు నుంచి సర్క్యులర్ రాలేదు. చదివేవాళ్ళకి తట్టింది, దాచుకున్నారు.

పాతూరి నాగభూషణంగారి పడవ గ్రంథాలయం గురించి ఈ తరం వాళ్ళకి ఎవరైనా చెబుతున్నారో లేదో. 1935లో పెదవడ్లపూడికీ కొల్లూరుకీ మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు, పత్రికలు పెట్టి తిప్పారు. ఆ రోజుల్లో డెల్టా ఊళ్ళ మధ్య రాకపోకలన్నీ కాలువల మీదే. పడవెక్కిన మనిషికి గంటల తరబడి చేసే పనేమీ ఉండదు, నీళ్ళవంక చూస్తూ కూర్చోవాల్సిందే. చదివే తీరుబడి ఎక్కడుందో అక్కడికే పుస్తకాన్ని పంపించారాయన. పంపే ముందు జనం ఎక్కడ ఎక్కుతారు, ఎక్కడ దిగుతారు, ఏ రేవులో ఎంతసేపు ఆగుతారు అన్నవి కనిపెట్టే ఉంటారు. ఇవాళ డిజైను చదువుకున్నవాళ్ళు వాడేవాడి దినచర్యని గమనించాలని పాఠం చెబుతున్నారు. ఆ పాఠాన్ని మా పక్క కాలువ మీద తెడ్లేసి నడిపారు.

అవతల నైజాంలో సంగతి ఇంకా గట్టిది. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టారు. కొమర్రాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజా నాయని వెంకటరంగారావుగారు పూనుకున్నారు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వచ్చింది. చదువు, కొలువు, కచేరీ అంతా ఉర్దూలో నడుస్తున్నచోట తెలుగువాడికి తన భాషలో నాలుగు అక్షరాలు చదువుకుని నలుగురితో మాట్లాడుకునే నీడ కావాలి. ఆ అవసరం ఉన్నవాళ్ళే ఆ నీడ కట్టుకున్నారు. పుస్తకాల బీరువాతోపాటు ఉపన్యాసానికి చోటు కావాలని వాళ్ళకి తెలుసు.

ఇక మా ఊరి సంగతి. మాది పెంకుటి గ్రంథాలయం. నాకు ఊహ తెలిసేటప్పటికి అది కట్టి కొద్దికాలమే అయింది. కట్టేటప్పుడు జరిగిన తగాదాని మా నాన్న జీవితాంతం చెప్పేవాడు. గుడి మండపం పక్కన స్థలం ఇస్తామని పెద్దలన్నారట. ఉచితంగా వచ్చే స్థలం, నీడ ఉంది, బావి ఉంది, పది ఇళ్ళకి దగ్గర. బడిపంతులుగారు ఒప్పుకోలేదు. "పాలెం కుర్రాళ్ళు మండపం ఛాయలకి వస్తారా? మీరు రానిస్తారా?" అని నలుగురిలో నిలబడి అడిగారట. వారం పదిరోజులు ఊళ్ళో మాటా మంతీ లేదు. చివరికి కాలువగట్టు మీద, ఊరికీ దళితుల పాలేనికీ మధ్య దారిలో, రేవు పక్కన కట్టారు. స్థలం ఒకరు, తాటి దూలాలు ఒకరు ఇచ్చారు. కోతలయ్యాక కళ్ళాల దగ్గర కుంచం చొప్పున వడ్లు వసూలు చేశారు. పాలెం వాళ్ళు మట్టి మోశారు. మోసినవాడికి అందులో కూర్చునే హక్కు ఉందన్నారు పంతులుగారు. ఆ హక్కు మొదటిరోజే అందరూ ఒప్పుకున్నారని అబద్ధం చెప్పను. బెంచీ మీద పక్కన కూర్చోడానికి కొందరికి ఏళ్ళు పట్టింది. ఎక్కడ కట్టాలన్న ప్రశ్న తేలకపోయి ఉంటే మాత్రం ఆ బెంచీ దాకా కూడా వచ్చేది కాదు.

బల్లల ఎత్తు గురించి కూడా చెప్పాలి. మా వడ్రంగి అక్షరం ముక్క రానివాడు. గ్రంథాలయానికి బల్లలు చెయ్యమంటే కొలబద్ద తీసుకుని ముందు రచ్చబండ దగ్గరికి వెళ్ళాడు. పేపరు చదివేవాళ్ళు ఎలా కూర్చుంటున్నారో చూశాడు. ముసలివాళ్ళు కాళ్ళు పైకి మడిచి మఠం వేసుకుని కూర్చుంటారు, కుర్రాళ్ళు కాళ్ళు వేళ్ళాడేసుకుంటారు. పేపరు ఒకడు పట్టుకుని చదువుతుంటే నలుగురు మెడలు చాచి వింటారు. అందుకని ఒక బల్ల వెడల్పుగా, నేలకి తక్కువ ఎత్తులో చేశాడు. దాని మీదే ఎక్కి కూర్చుని గట్టిగా చదవొచ్చు. ఇంకోటి మామూలు ఎత్తులో, బెంచీతో సహా చేశాడు. మా ఊళ్ళో సగంమందికి పేపరు చెవితో చదవడమే అలవాటు. "నిశ్శబ్దం పాటించండి" అన్న బోర్డు మా గ్రంథాలయంలో లోపలి గదికే ఉండేది, ముందు వసారాలో ఉండేది కాదు. వినేవాళ్ళ కోసం ఒక చోటు, చూసేవాళ్ళ కోసం ఒక చోటు.

ఆడవాళ్ళు గ్రంథాలయానికి వచ్చే రోజులు కావవి. వాళ్ళ దగ్గరికే పుస్తకాలు వెళ్ళేవి. గుడ్డసంచీలో పదిహేను ఇరవై పుస్తకాలు వేసుకుని ఇంటింటికీ తిప్పే పని నాకూ, నా ఈడు కుర్రాళ్ళకీ ఉండేది. పుస్తకంతో పాటు చీటీ తిరిగొచ్చేది. ఆ చీటీల మీద పెన్సిలుతో, ఒక్కోసారి పొయ్యిబొగ్గుతో రాసిన మాటలు నాకింకా కళ్ళకి కట్టినట్టున్నాయి. కొవ్వలివారి నవలలు ఇక చాలు, పురాణం ఏదైనా పంపమని ఒకావిడ. అక్షరాలు చిన్నవిగా ఉన్నాయి, దీపం వెలుగులో కానరావడం లేదు, పెద్దక్షరాల పుస్తకం పంపమని ఇంకొకావిడ. బాలింతల గురించి, పసిపిల్లల జబ్బుల గురించి పుస్తకాలుంటే చూడమని ఒకమ్మ. గ్రంథాలయం సెక్రటరీగారు ఆ చీటీలన్నీ ఒక పుల్లకి గుచ్చి ఉంచేవారు. బెజవాడ వెళ్ళినప్పుడు ఆ పుల్ల జేబులో పెట్టుకుని పుస్తకాల షాపులకి వెళ్ళేవారు. కొనుగోలు అలా జరిగేది. ఇవాళ శాఖా గ్రంథాలయాలకి ఒకే జాబితా కట్టలుగా దిగుతోంది. మా పక్క ఊరికి వచ్చిన కట్టలో ఏముందో మా ఊరి కట్టలోనూ అదే ఉంటోంది. చదివేవాడి చీటీ ఎక్కడా లేదు.

ఆ రోజులన్నీ బంగారమని నేననను. చాలా ఊళ్ళలో గ్రంథాలయం నాలుగు ఇళ్ళవాళ్ళ సొత్తయిపోయింది, బీరువా తాళంచెవి కరణంగారి మొలలోనే ఉండేది. కూలికి వెళ్ళే మనిషి లోపలికి తొంగిచూడ్డానికి కూడా జంకేవాడు. అందుకే సర్కారు పూనుకోవాలని గ్రంథాలయోద్యమం నడిపిన పెద్దలే కోరారు, చట్టాలు వచ్చాయి. మద్రాసు రాష్ట్రంలో 1948లో, హైదరాబాదులో 1955లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి 1960లో గ్రంథాలయ చట్టం వచ్చింది. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడ్డాయి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా కడుతున్నాం. చాలా మంచి పని. దీంతో ధర్మంగా నడిచిన గ్రంథాలయం హక్కయింది. కానీ అదే చేత్తో ఇంకోటి జారిపోయింది. డబ్బు పన్నుగా వెళ్ళి భవనంగా తిరిగొస్తోంది. మధ్యలో మన నోరు లేదు. ఛైర్మన్ని, సభ్యుల్ని సర్కారు నియమిస్తుంది. రోజూ వచ్చి కూర్చునే పాఠకుడు ప్లాను కాగితం కంటితో కూడా చూడడు.

పనిచేసే చోట కూడా ఇదే కథ, అది నేను అనుభవించాను. నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దాను. అక్షరాలు చేత్తో పేర్చే రోజులు. తెలుగుకి గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాలు కలిపి ఎన్ని అచ్చులు కావాలో కంపోజిటర్లకే ఎరుక. వాళ్ళ ఎదుట చెక్క కేసులు ఏటవాలుగా నిలబెట్టి ఉండేవి. గడుల వరస ఎవరో పుస్తకంలో రాసింది కాదు. ఎక్కువసార్లు పడే అక్షరం చేతికి దగ్గర గడిలో, ఎప్పుడోగాని పడనిది పై మూలలో. పొట్టి మనిషి కేసు కింద ఇటిక తీసేసేవాడు, ఎడమచేతివాటం మనిషి గడులే మార్చుకున్నాడు. స్టిక్కు పట్టుకుని నిలబడితే కళ్ళు కాగితం మీదే ఉండేవి, చెయ్యి తనంతట తాను గడిలోకి వెళ్ళేది. కిటికీ వెలుగు ఎడమ పక్కనుంచి పడేలా కేసులు వాళ్ళే జరుపుకున్నారు.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. ఒక ఆదివారం కేసులన్నీ తీయించేశారు, సోమవారానికి ఏసీ గది తయారు. తెలుగు కీబోర్డు మీద ఏ అక్షరం ఎక్కడుండాలో జీవితమంతా అక్షరాలు ఏరిన మనుషుల్ని ఒక్కర్నీ అడగలేదు. కొందరు వేళ్ళు తిప్పుకుని నేర్చుకున్నారు, చాలామంది ఇంటికి వెళ్ళిపోయారు. ఒకాయన కిరాణా కొట్లో పొట్లాలు కట్టాడు. యంత్రం రాకూడదని నేనెప్పుడూ అనలేదు. వచ్చే యంత్రం ఎలా ఉండాలో చెప్పే తెలివి ఆ మనుషుల దగ్గర ఉంది, దాన్ని పాత ఇనుముతో కలిపి తూకానికి వేశారు.

అప్పటికే స్వీడన్, డెన్మార్క్ దేశాల్లో అచ్చు కార్మికులు వేరే దారి పట్టారని చాలా ఏళ్ళ తరవాత చదివాను. నార్వేలో 1970ల మొదట్లోనే లోహ కార్మికుల సంఘం క్రిస్టెన్ నూగార్డ్ అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడితో కలిసి కూర్చుంది. ఫ్యాక్టరీలోకి కంప్యూటర్లు వస్తే మా పని ఏమవుతుంది, మేమేం అడగాలి అని లెక్కలు వేసుకుంది. 1981 నుంచి 1985 దాకా యుటోపియా అని ఇంకో పని జరిగింది. నార్డిక్ దేశాల అచ్చు కార్మికుల సంఘాల సమాఖ్య, పరిశోధకులు కలిసి పేజీలు కట్టే కంప్యూటర్ ఎలా ఉండాలో కార్మికుల చేతనే చెప్పించారు. ఆ యంత్రం ఇంకా పుట్టలేదు కదా, ఏం చూపించి అడుగుతారు? అట్టపెట్టెలు తెచ్చారు. ఒక ఖాళీ పెట్టె మీద లేజర్ ప్రింటర్ అని రాసి బల్ల మీద పెట్టారు. అట్టతో తెర, అట్టతో మీటలు. ముందు కూర్చోండి, రోజూ చేసే పని చేస్తున్నట్టు చెయ్యండి, ఎక్కడ చెయ్యి ఆగితే అక్కడ చెప్పండి అన్నారు. నలభై పేజీల నివేదికకి నోరు విప్పని మనిషి అట్టపెట్టెని పక్కకి జరిపి ఇది ఇక్కడుండాలి అని చెప్పగలడు. ఇది చదివినప్పుడు మా కంపోజిటర్లు నా కళ్ళల్లో తిరిగారు. ఆ కేసు కింద ఇటిక తీసిన మనిషి చేసిందీ అదే. వాళ్ళని నమ్మే యజమాని, నిలబెట్టే సంఘం ఒక దేశంలో దొరికాయి, మా దగ్గర దొరకలేదు.

గ్రంథాలయాల్లోకి కూడా ఈ పద్ధతి వెళ్ళింది. అమెరికాలో రోచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు నాన్సీ ఫ్రైడ్ ఫాస్టర్ అనే మానవశాస్త్ర పరిశోధకురాలిని గ్రంథాలయంలో పెట్టుకున్నారు. తెగల జీవితాన్ని అధ్యయనం చేసే పద్ధతులతో ఆవిడ విద్యార్థుల చదువుని అధ్యయనం చేశారు. పిల్లల చేతికి కెమెరాలిచ్చి మీరు చదివే చోటు, మీ సంచీలో ఉండే వస్తువులు, మీకు దారి తప్పినట్టనిపించే చోటు ఫొటోలు తీసుకురండి అన్నారు. కాగితాలు, రంగు పెన్నులు ఇచ్చి మీకు నచ్చే గ్రంథాలయాన్ని గీయండి అన్నారు. ఆ బొమ్మలు ఆర్కిటెక్టుల బల్ల మీదికి వెళ్ళాయి, 2007లో అక్కడ గ్లీసన్ లైబ్రరీ తెరిచారు. పిల్లలు అసలు చదివేది రాత్రి పొద్దుపోయాక అని, అప్పటికి లైబ్రేరియన్లు ఇళ్ళకి వెళ్ళిపోతున్నారని కూడా ఆ అధ్యయనంలోనే తేలింది. రాత్రిపూట లైబ్రేరియన్ని కూర్చోబెట్టి చూశారు. అడిగితే గోడల సంగతే కాదు, గడియారం సంగతి కూడా బయటపడుతుంది.

ఫిన్లాండులో హెల్సింకి నగర కేంద్ర గ్రంథాలయాన్ని, ‘ఊడి’ అని దాని పేరు, 2018 డిసెంబరు 5న తెరిచారు. పార్లమెంటు భవనానికి ఎదురుగా కట్టారు. కట్టే ముందు ఏళ్ళ తరబడి జనం ఏం కోరుకుంటున్నారో అడిగి పోగుచేశారు. ఖర్చులో కొంత సొమ్ము దేనికి వాడాలో నగరవాసులే తేల్చారు. జనం అడిగినవి మధ్య అంతస్తులో ఉన్నాయి: కుట్టుమిషన్లు, సంగీతం సాధన చేసుకునే గదులు, త్రీడీ ప్రింటర్లు, వంటగది. పుస్తకాలు పై అంతస్తులో ఉన్నాయి. నా ఈడువాళ్ళు కొందరు గ్రంథాలయంలో కుట్టుమిషనేమిటని ముక్కు చిట్లిస్తారు. నేను చిట్లించను. మా గ్రంథాలయం వసారాలోనే సాయంత్రాలు హరికథలు, హిందీ పాఠాలు, ఎండాకాలంలో వయోజన విద్య నడిచాయి. ఊరివాళ్ళకి కావలసింది ఊరివాళ్ళు అందులో పెట్టుకున్నారు. హెల్సింకి వాళ్ళు పెద్ద ఎత్తున, పద్ధతిగా అదే పని చేశారు. పద్ధతి వాళ్ళ దగ్గర నేర్చుకోడానికి నాకేమీ నామోషీ లేదు. మన ఇంట్లో ఉన్నదాన్ని మనం పోగొట్టుకున్నామే అన్నదే నా కడుపుమంట.

బడుల విషయంలో మనకి చట్టం ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్ళుండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చెయ్యాల్సింది ఆ కమిటీయే. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి? జరిగేది మాత్రం వేరు. కమిటీ తల్లుల చేత సంతకాలు పెట్టిస్తారు, బల్లలెన్ని, ఫ్యాన్లెన్ని అన్న జాబితా పైనుంచి దిగుతుంది. మా మనవరాలి బడిలో బ్లాక్‌బోర్డు బదులు మెరిసే తెల్లబోర్డు పెట్టారు. కిటికీ పక్క వరసలో కూర్చున్న పిల్లలకి దాని మీద వెలుగు పడి ఒక్క అక్షరం కానరాదు. ఆ పిల్లలు ఇంటికొచ్చి చెప్పారు, బడిలో వాళ్ళని అడిగినవాళ్ళు లేరు. తొమ్మిదేళ్ళ పిల్లకి ప్లాను చదవడం రాకపోవచ్చు. తనకి బోర్డు కనపడుతోందో లేదో చెప్పడం వచ్చు.

ఈ రోజు మన గ్రంథాలయాలు నిండుతున్నది ఎవరితో? హైదరాబాదులో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళినా, ఏ జిల్లా కేంద్రానికి వెళ్ళినా గ్రూప్స్, డీఎస్సీ, పోలీసు, బ్యాంకు పరీక్షలకి చదివే పిల్లలే కనిపిస్తారు. ఊళ్ళు వదిలి వచ్చి, ఇరుకు గదుల్లో నలుగురైదుగురు సర్దుకుని, పగలంతా చదువుకోడానికి చోటు లేక అక్కడికి వస్తున్నారు. బీరువాలోని నవల వాళ్ళకి అక్కర్లేదు. తమ పుస్తకాలు తామే తెచ్చుకుంటారు. వాళ్ళకి కావలసింది మూడు: రోజంతా కూర్చోగల కుర్చీ, వెలుతురు, తాగునీళ్ళు. టిఫిను డబ్బా విప్పుకునే చోటు కూడా కావాలి. మన శాఖా గ్రంథాలయాల వేళలు చూస్తే పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7. ఈ వేళలు పొద్దున పొలం వెళ్ళేముందు, సాయంత్రం వచ్చాక పేపరు చూసే మనిషి కోసం పెట్టినవి. ఆ మనిషికి సరిగ్గా సరిపోయాయి. మనిషి మారాడు, వేళలు మారలేదు. పదకొండింటికి తలుపులేస్తే ఆ పిల్లలు చెట్టు కింద పుస్తకం తెరుస్తున్నారు.

గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్‌గారు 1931లో రాసిన పంచసూత్రాల్లో ఒకటి పాఠకుడి సమయం వృథా చెయ్యొద్దని, ఇంకోటి గ్రంథాలయం పెరిగే ప్రాణి అని. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఆయన పుస్తకాల అరల్ని పాఠకుడి చేతికే తెరిచిపెట్టారు. లైబ్రరీ సైన్సు చదివిన ప్రతివాడికీ ఈ సూత్రాలు కంఠతా వచ్చు. పరీక్షలో రాసి, ఉద్యోగంలో చేరాక తాళం వేళకి వేస్తున్నారు. లైబ్రేరియన్లని ఒక్కళ్ళనే తిట్టి లాభం లేదు. ఒక్క మనిషి నాలుగు శాఖలకి ఇన్‌ఛార్జిగా తిరుగుతుంటే వేళలు పెంచమని ఏ మొహంతో అడుగుతాం? గ్రంథాలయం ఎలా ఉండాలో ఆ ఇన్‌ఛార్జిని, ఊడ్చి తుడిచే స్వీపరమ్మనీ కూడా అడగాలి. రాక్ అడుగున చేత్తో తుడవడానికి సందు లేకపోతే ఏటా చెదలు ఎక్కడ మొదలవుతాయో ఆవిడకే తెలుసు.

అడిగితే వందమంది వంద చెబుతారు, పని తెమలదు అని నాతో ఒక అధికారి అన్నారు. మా ఊళ్ళో కూడా వందమంది వంద చెప్పారు. పదిరోజులు కొట్లాడుకున్నారు. ఆ పెంకుటిల్లు మా నాన్న తరం, నా తరం రెండూ వాడుకున్నాయి. ఎవర్నీ అడక్కుండా ఆరు నెలల్లో లేపిన భవనం తాళం వేసి ఉంటే దానికి పెట్టిన డబ్బెవరిది? ఆలస్యమని ఏది అంటున్నారో అది జాగ్రత్త. అడగడమంటే వేదికెక్కి మైకు ఇచ్చి పొగిడించుకోవడం కాదు. ప్లాను కాగితం మీద గీత ఇంకా పెన్సిలుతో ఉండగానే అడగాలి. సిమెంటు పోసేశాక అడిగేదాన్ని అడగడమనరు. ఖాళీ స్థలంలో సుద్దతో గదులు గీసి, తెచ్చిన కుర్చీలు వేసి, ఒక పూట ముసలివాళ్ళనీ, ఆడపిల్లల్నీ, చక్రాల కుర్చీలో వచ్చే మనిషినీ అందులో తిరగనిచ్చి చూడండి. దానికి టెండరు అక్కర్లేదు.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ప్రతి ఊళ్ళోనూ అయ్యంకివారి పటానికి దండ వేస్తారు, వ్యాసరచన పోటీలు పెడతారు. ఈసారి మీరూ వెళ్ళండి. మీ మండలంలో కొత్త భవనమో, మరమ్మతో మంజూరై ఉంటే ప్లాను కాగితం చూపించమని సభలోనే లేచి అడగండి. అక్కడ చదువుకునే పిల్లల్లో ఇద్దర్ని, ఆడవాళ్ళలో ఇద్దర్ని, పెద్దవాళ్ళలో ఒకర్ని, అక్కడ పనిచేసేవాళ్ళలో ఒకర్ని కమిటీలో వెయ్యమని కాగితం మీద రాసి, సంతకాలు చేయించి, జిల్లా గ్రంథాలయ సంస్థకి ఇవ్వండి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. రూపాయికి 8 పైసలు మీరు కడుతున్నారు.